ఉప్పు పోయిన చవుడు

"ఇంక మీరు పైకి చూడపన్లేదమ్మా, స్లాబు పడినాక వాన సంగతే మర్చిపోవచ్చు" అన్నాడు మేస్త్రి మొన్న, మా చేని ఇంటి మట్టిమిద్దె విప్పుతూ. పైకి చూడకుండా బతికిన ఆడది మా ఇంట్లో ఇంతవరకు పుట్టలేదని చెప్పాను. నవ్వాడు. నేను నవ్వుకు చెప్పలేదు. పారలతో కిందికి లాగుతున్న ఆ మన్ను ఒక్కో తట్టా నా ముందు పడుతుంటే, దాన్ని మోసిన మెడ ఒకటి గుర్తొచ్చింది.

ఆ ఇల్లు కట్టేనాటికి మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం. మా నాయన, పెదనాన్న వేరుపడినప్పుడు ఊళ్లో ఇల్లు పెదనాన్నకు, కొండవార రాళ్ల చేను నాయనకు వచ్చాయి. న్యాయం ఎట్లా చేశారో పెద్దమనుషులనే అడగాలి; అడగడానికి వాళ్లిప్పుడు లేరు, ఉంటే వదిలేదాన్ని కాదు. చోటు లేక మేము పెదనాన్న వసారాలోనే ఉండేవాళ్లం. అమ్మకు సొంత పొయ్యి లేదు. పెద్దమ్మ వండి దించాక, మిగిలిన నిప్పు మీద మా సంకటి ఉడకాలి. ఆ నిప్పు కోసం కాచుకోవడం పడలేక అమ్మ చేలో ఇల్లు కడదామన్నది. "కట్టుకోండి, ఎవరొద్దన్నారు? తొలి వానకు చాపలు చుట్టుకోని మళ్ల ఈ వసారాకే వస్తారు" అన్నది పెద్దమ్మ. ఆ మాటతో ఇల్లు కట్టడం పందెమైపోయింది.

ఏదీ కొనకూడదని నాయన పట్టు. కొనే శక్తి లేని మనిషి దాన్ని పట్టుగా చెప్పుకునేవాడు. గోడలకు చేలో ఏరిన రాళ్లు. దూలాలకు, రైలు పట్టాల కింద పుచ్చిపోయాయని తీసి పారేసిన కొయ్యలు. ఎండలో వాటి తారు వాసన ఇల్లంతా కొట్టేది, ఇప్పటికీ మార్కాపురం స్టేషనులో దిగితే నాకు పుట్టిల్లే గుర్తొస్తుంది. దూలాలకు అడ్డంగా వేసిన దంతెల మీద పరచడానికి గనుల దగ్గర గుట్టలు పోసిన పలకరాతి ముక్కలు. నేను బడిలో పగలగొట్టిన పలకలకు ఇంట్లో దెబ్బలు పడేవి, అవే పగిలిన రాళ్లు కప్పుకైతే భాగ్యమట. పెద్దారవీడు దారిలో కూలిన ఇంటి నుంచి ద్వారబంధం తెచ్చారు. కూలిన ఇంటి గడప ఎత్తితే ఆ ఇంటి దరిద్రం వెంటొస్తుందని పెద్దమ్మ అంటే, "రానీలే అక్కా, మా దరిద్రం దానికి తోడుంటాది" అన్నది అమ్మ.

అంతా బాగానే ఉంది. నాయన ఆఖరికి మన్ను కూడా పాతదే తెచ్చాడు. మా వైపు మిద్దెకు ప్రాణం చవుడు. ఉప్పు కరిచే ఆ మన్ను తడిస్తే బిగుసుకుని నీటిని దిగనివ్వదు. అందుకే ఏటా వానలకు ముందు కొత్తది పోస్తారు. నాయన మాత్రం అదే కూలిన ఇంటి కప్పు మీది మన్ను బండికెత్తాడు. అమ్మ చిటికెడు నాలుక మీద పెట్టుకుని, "చప్పగుంది, దీంట్లో ఉప్పు పోయింది" అన్నది. "మన్నుకు రుచేంది? కూరొండుతున్నావా?" అన్నాడు నాయన.

తొలి వాన మధ్యాహ్నం వచ్చింది. కొంతసేపటికి బయటికన్నా ఇంట్లో కురుస్తున్నదే ఎక్కువనిపించింది. గోడల వెంట ఎర్రటి ధార. నేను, నాయన చాపలు ఈ మూలనుంచి ఆ మూలకు మారుస్తున్నాం. అమ్మ ఒక పెద్ద పలకరాయి పొయ్యి మీద వాలుగా నిలబెట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకు కూర్చుంది. అప్పుడే పెదనాన్న బండి వచ్చి ఆగింది.

"ఏందిరా నీళ్లల్లో కూచున్నారు? బండెక్కండి."

నాయన పరుపుచుట్ట ఎత్తుకున్నాడు. అంతవరకు బావగారి ఎదుట నోరెత్తని అమ్మ, కొంగు కూడా సర్దుకోలేదు, చేతులు ఖాళీ లేవు కదా. "పొయ్యి మండుతా ఉంది బావా. మండే పొయ్యినిడిసి యాడికి వచ్చేది?" అన్నది.

పెదనాన్న కప్పు వైపు చూశాడు. గోడ మీద కారుతున్న బురద వేలితో తీసి నాలుకకు రాసుకుని ఉమ్మేశాడు. "ఏ దద్దమ్మ పోసినాడురా ఈ మన్ను?"

"మీ తమ్ముడే" అన్నది అమ్మ.

నాయన పరుపుచుట్ట కింద పెట్టేశాడు, నీళ్లలోనే. వాన వెలిశాక పెదనాన్న బండి మళ్లీ వచ్చింది, నిండా చవుడుతో. "ఎద్దులను ఉత్తగ తిప్పడమెందుకని తెచ్చినా" అన్నాడు, ఎవరూ అడగకుండానే. మేం వసారాకు తిరిగి వెళ్లలేదు.

ఆ గెలుపు అమ్మ మెడ మీద ఉండిపోయింది. నాయనకు నడుము పడిపోయాక ఏటా వేసవి చివర చవుడు వెతికి, రుచి చూసి, తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కేది. మద్రాసు కాలేజీ నుంచి సెలవులకొచ్చి, కూలి మనిషిని పెట్టుకోమని నేను వాదిస్తే, తట్ట దించకుండానే, "పందెం గెలిచినానని ఆ పొద్దు మురిసినా గానీ, దాన్ని మోయాల్సింది నేనే గదమ్మా" అన్నది. నాతో వాదించి నోరు మూయించిన మనిషి ఆమె ఒక్కతే.

మొన్న మేస్త్రి అటు తిరిగినప్పుడు, కిందపడిన మన్ను చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చప్పగా ఉంది. ఇల్లు కూల్చాలంటే కాలం గోడల జోలికి రానక్కర్లేదు. మోసే మనిషి పోయాక, ఏటా కాస్త ఉప్పు పట్టుకుపోతే చాలు.