ముందు హార్డ్ డిస్క్, తర్వాత పెన్‌డ్రైవ్

జనగామలో అబ్దుల్ సత్తార్ పెళ్లి వీడియోలు తీస్తాడు. పాటలు కలిపి డిస్కులు చేసేది ఇంట్లో, ముందు గదిలోని కంప్యూటర్ మీద. ఒకసారి బచ్చన్నపేట వాళ్ల పాటలు లింగాల ఘనపూర్ వాళ్ల పెళ్లిలో పడి నవ్వులపాలయ్యాడు. అప్పటి నుంచి ఎవరి పని నడుస్తుంటే వాళ్ల పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కే ఉంచుతాడు. పని ముగిసేదాకా తీయడు.

సకల జనుల సమ్మె రోజులు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ ఉదయం తరిగొప్పుల దగ్గరి తండా నుంచి హీరాలాల్ తన తల్లి రుక్కిని బండి మీద తీసుకొచ్చాడు. అతని కూతురు గీత పెళ్లినాడు రుక్కి దవాఖానలో ఉంది. తండాలో పెళ్లికూతురు అత్తారింటికి కదిలేముందు అయినవాళ్లను పేరుపేరునా పిలిచి, పట్టుకుని, ఏడుస్తూ పాడుతుంది. గీతకు ఆ పాట నేర్పింది రుక్కే. తీరా పాడినప్పుడు వినలేకపోయింది. సత్తార్ తీసిన వీడియోలోనైనా విందామని వచ్చింది.

కరెంటు రాగానే సత్తార్ కంప్యూటర్ ఆన్ చేశాడు. నల్లటి తెర మీద తెల్లటి గీటొకటి మిణుకుమంది. అంతే. ఆపి మళ్లీ వేశాడు. అదే గీటు. పెళ్లంతా అందులోనే ఉంది. కెమెరా టేపు మీద అప్పటికే వేరే పెళ్లి తీశాడు.

"పోయిందా ఏంది?" అన్నాడు హీరాలాల్.

"పోలే. జర ఆగు."

"పోతే మళ్లొకసారి ఏడ్వమంటే నా బిడ్డ ఏడ్వదు భాయ్. అత్తగారింట్ల మస్తు ఖుషీగ ఉన్నది."

రుక్కి నవ్వలేదు. తెర వైపే చూస్తూ కూర్చుంది.

సత్తార్ భార్య సఫియా బేగం చాయ్ తెచ్చి, "విద్యాసాగర్‌కు ఫోన్ చెయ్యరాదు" అంది. నిన్న రాత్రే విండోస్ కొత్తగా వేసింది ఆ మెకానిక్కే. ఇప్పుడతను రాస్తారోకోలో రోడ్డు మీద కూర్చున్నాడు.

"పెన్‌డ్రైవ్ పెట్టి ఉన్నదా?" అని అడిగాడు విద్యాసాగర్.

"ఉన్నది. నేను తియ్య గద."

"గదే లొల్లి. విండోస్ పెన్‌డ్రైవ్ నుంచి వేసిన. కంప్యూటర్ ముందు దాన్నే చూడాలని పెట్టి, మళ్ల మార్చుడు మరిచిన. నీ దాంట్ల పాటలే ఉన్నయి, విండోస్ లేదు. గందుకే గాడ్నే ఆగింది."

"తీసేస్తే?"

"ఇయ్యాల నడుస్తది. రేపు ఇంకొకరిది పెడ్తవు, మళ్ల నాకే ఫోన్ చేస్తవు. వరుసనే మార్చు. ఆన్ చేసి ఎఫ్ టూ నొక్కు." మధ్యలో జై తెలంగాణ అని గొంతు కలిపి వచ్చి, "నొక్కినవా?" అన్నాడు.

తెర నీలంగా మారింది. మౌస్ కదల్లేదు. సత్తార్ బాణం మీటలతో బూట్ అన్న చోటికి చేరాడు. పైన పెన్‌డ్రైవ్, దాని కింద హార్డ్ డిస్క్. ప్లస్ మీట నొక్కితే హార్డ్ డిస్క్ పైకెక్కింది.

"ఇగ ఎఫ్ టెన్ నొక్కి సేవ్ చెయ్. భయపడకు, మారేది వరుసనే. పెండ్లికేం గాదు."

సత్తార్ బిస్మిల్లా అనుకుని నొక్కాడు. కాసేపటికి విండోస్ వచ్చింది. పెళ్లీ వచ్చింది.

గీత తండ్రిని పట్టుకుని ఏడ్చింది, అన్నను పట్టుకుని ఏడ్చింది. అక్కడ లేని నాయనమ్మను కూడా పిలిచి ఏడ్చింది. రుక్కి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ చివరిదాకా విన్నది.

"రాగం తప్పలే" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "గని నా చెల్లె సుక్కి పేరు తియ్యలే గదరా. గిది చూస్తే అది నా గడప తొక్కుతదా?"

"చిన్నమ్మ రేపే చూపియ్యమంటది" అన్నాడు హీరాలాల్.

రుక్కి ఆలోచించింది. "సత్తారూ, గా పేర్ల నడుమ జర డోలు పెట్టొస్తదా? తన పేరు గా మోతల కలిసిపోయిందనుకుంటది."

"ఎందుకు రాదవ్వా" అని సత్తార్ పెన్‌డ్రైవ్‌లోంచి డోలు తీసి కలిపి వినిపించాడు.

రుక్కి చెవి దగ్గరగా పెట్టి విని, ఇంకొంచెం గట్టిగా పెట్టమంది.