రెండో వరస అంకెలు

మా ఆవిడ అన్నయ్యను చూస్తే నాకు మొదటి నుంచీ కడుపుమంటే. ఎలమంచిలి దగ్గర పల్లెలో పొలం పనులు చేసుకునే మనిషిని పోర్టులో మా బస్తాల ముఠాలో పెట్టించింది నేనే. పొట్టిగా, పీలగా ఉండేవాడు. నేను అతనికంటే జానెడు పొడుగు. అయినా ఆవకాయ సీసా మూత బిగుసుకుపోతే మా ఆవిడ నా ముందు నుంచే దాన్ని వీధి చివర అన్నయ్య ఇంటికి పట్టుకెళ్ళేది. "నీవల్ల కాదు గానీ ఉండు, మా అన్నయ్య ఒక్క పట్టుకి తీసేత్తాడు" అనేది. ఆ పూట ఆవకాయ నాకు సయించేది కాదు.

నాకంటూ మిగిలిన గొప్ప ఒక్కటే. ఏటా పోర్టు ఆటల్లో తాడు లాగుడుకి మా ముఠా తరఫున చివర నిలబడే మనిషిని నేను. అందరికన్నా గట్టి పట్టున్నవాడికిచ్చే చోటది. డెబ్బైల చివర్లో ఒక ఏడాది, ఆ చోటు బావకిద్దామని మేస్త్రీ అంటున్నాడని విన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మెడికల్ కాలేజీ కుర్ర డాక్టరు మా షెడ్డుకి వచ్చాడు. ఏ జబ్బూ లేని మనుషుల పిడికిలి బలం కొలవాలట. మంచిగా ఉన్నవాడి పట్టు ఎంతుండాలో తెలిస్తేనే, జబ్బు పడ్డవాడికి ఎంత తగ్గిందో చెప్పగలమన్నాడు. ఇద్దరిద్దర్ని బస్తాల వెనక్కి పిలిచాడు. ఎత్తు, బరువు, వయసు రాసుకుని, ముంజేతికి టేపు చుట్టి, లెక్క కట్టి, ఇంత రావాలి అని ఒక అంకె వేసుకునేవాడు. తర్వాత గడియారం లాంటి ముఖమున్న ఇనప పిడి చేతికిచ్చి నొక్కమనేవాడు.

నాకు నలభై ఏడు కిలోలు రావాలని రాశాడు. బావకి నలభై. నా ఛాతీ ఉబ్బింది. పళ్ళు బిగించి నొక్కితే ముల్లు నలభై రెండు దగ్గర ఆగింది. మూడుసార్లూ అంతే. బావ బీడీ పక్కన పెట్టి నొక్కాడు. నలభై తొమ్మిది. డాక్టరు మళ్ళీ నొక్కించి, అతని అరచెయ్యి తిప్పి తిప్పి చూశాడు. నా చెయ్యి ఎవరూ తిప్పి చూడలేదు. బావకి చదువు రాదు, ముల్లు ఎక్కడాగిందో తెలిసుండదని సరిపెట్టుకున్నాను.

వారం తర్వాత డాక్టరు కాగితం పంపాడు. మొదటి వరసలో రావాల్సింది, రెండో వరసలో వచ్చింది. పైన ఇంగ్లీషులో ఉన్న ఆ ముక్కలు చదవగలిగింది ముఠాలో నేనొక్కణ్ణే. మా బస్తాల లెక్క కాగితాల్లో మొదటి వరస ఓడకెక్కించినవి, రెండోది చిరిగినవి. తాడు చివర ఎవర్ని నిలబెట్టాలో తేల్చడానికి మేస్త్రీ ఆ అలవాటు కొద్దీ మొదటి వరస మీదే వేలు పెట్టాడు.

"అందరికన్నా నీదే ఎక్కువ కదేటి. సివరన నువ్వే నిల్సో."

అది రావాల్సిన అంకే గానీ వచ్చిన అంకె కాదని నేను చెప్పలేదు. పక్కనే ఉన్న బావ నా వంక చూశాడు. ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

పోటీలో మా ఎదురు క్రేన్లవాళ్ళు. రెండో లాగుడుకే తాడు నా చేతుల్లోంచి జరజరా పోయింది. అరచేతుల తోలు దాంతోపాటే పోయింది. అందరూ తాడు వదిలేశారు. క్రేన్లవాళ్ళు మోకాళ్ళ మీద ఇసకలో గీత దాటేదాకా ఈడ్చుకుపోయినా బావ ఒక్కడే వదల్లేదు.

సాయంత్రం మా ఇంట్లో బావ నా అరచేతులకి కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాడు. అతని మోకాళ్ళు నా చేతులకన్నా ఘోరంగా చెక్కుకుపోయి ఉన్నాయి. ఉండబట్టలేక అడిగాను.

"బావా, నీ అంకెంతో నీకు తెల్దేటి?"

"తెలుసు. నలభై తొమ్మిదని ఆ డాక్టరు బాబు తర్వాత సెప్పేడు."

"మరి మేస్త్రీకి సెప్పనేదేటి?"

"నువ్వు సదువుకున్నోడివి. నువ్వే సెప్తావని సూసేను" అని నూనె సీసా మూత బిగించి లేచాడు.

మర్నాడు పొద్దున్న ఆ మూత నాకు ఎంత తిప్పినా రాలేదు. ఇలా తెమ్మని మా ఆవిడ చెయ్యి చాపింది. ఇవ్వలేదు. వీధి చివర బావ ఇంటిదాకా ఆ సీసా నేనే పట్టుకెళ్ళాను. కడుపుమంట మాత్రం అప్పటికీ చల్లారలేదు.