మెల్లగా ఉరకమన్న బడి

ఆ రోజుల్లో మా కొత్తవాడలో ఏడో తరగతి పాసైన పిల్లలకు ఉన్న గిరాకీ పెళ్ళికొడుకులకు కూడా ఉండేది కాదు. ఎండాకాలం వచ్చిందంటే చాలు, ప్రైవేటు బడుల సార్లూ మేడమ్‌లూ నెత్తిన రుమాళ్ళు, చున్నీలు కప్పుకొని గల్లీ గల్లీ తిరిగేవారు. చేతిలో పాంప్లెట్ పెట్టి, మంచినీళ్ళు అడిగి తాగి, "మీ పిల్లను మా బడికి తోలుండ్రి" అని బతిమాలేవారు. (ఒక్కొక్కరు ఇంతమందిని చేర్పించాలని పైనుంచి వాళ్ళకు ఒత్తిడి ఉంటుందని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది.) అప్పుడు మాత్రం వాళ్ళంతా నన్ను చూడటానికే వస్తున్నారని నా గట్టి నమ్మకం. ఎందుకంటే నేను ఉరికే పిల్లను. జిల్లా పరుగు పందాల్లో రెండుసార్లు మొదటి స్థానంలో వచ్చాను. మా అమ్మ ఆ పతకాలను దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించి, శుక్రవారం శుక్రవారం వాటికి కూడా పసుపు కుంకుమ పెట్టేది. నన్ను సరిగ్గా ఉరికించే బడి ఒకటి దొరికితే చాలు, ప్రపంచంలో నాకు ఇంకేమీ అక్కర్లేదు.

వడబోయగా రెండు బడులు మిగిలాయి. ఒకటి కాజీపేట దారిలో ఉన్న గ్రౌండ్ బడి. పాత గోడలు, పెచ్చులూడిన వరండా, కానీ వెనక మా గల్లీలు నాలుగు పట్టేంత మైదానం. అక్కడి పీఈటీ సారు స్నానం చేసేటప్పుడైనా మెడలోంచి విజిల్ తీస్తాడో లేదో అని నాకు అనుమానం, అందుకే ఆయనకు విజిల్ సారని పేరు పెట్టుకున్నాను. ఆయన నన్ను మైదానం చుట్టూ ఒక రౌండు ఉరికించి, గడియారం చూసుకొని, మా బాపు దిక్కు తిరిగి అన్నాడు. "అన్నా, ఈ పిల్లను నాకు అప్పజెప్పు. మూడేండ్లల్ల స్టేట్ మీట్ల ఉరికిపిస్త." ఇంటికొచ్చేదాకా ఆటోలో నా కాళ్ళు ఒకచోట నిలవలేదు. రెండోది హన్మకొండలో మూడంతస్తుల మేడ బడి. దానికి అద్దాలున్నాయి, గేటు దగ్గర ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలతో ఇంతెత్తు ఫ్లెక్సీ ఉంది, మైదానం మాత్రం లేదు. ఫీజు రెండు చోట్లా ఇంచుమించు ఒకటే, కాబట్టి జరిగినదానికి డబ్బును తిట్టుకునే వీలు కూడా నాకు లేకుండా పోయింది. నా మనసు ఎప్పుడో గ్రౌండ్ బడిలో చేరిపోయింది. ఇంటిదాకా వచ్చి పిలిచారు గనుక ఒక్కసారి చూసి వద్దామని మర్యాదకు మాత్రమే మేడ బడికి వెళ్ళాం.

మా బాపు జంపఖానాలు నేసేవాడు. పొద్దున మగ్గం గుంతలో కాళ్ళు పెడితే మళ్ళీ పొద్దు గుంకేవేళకు తీసేవాడు. నేసినవి చేనేత సొసైటీ వాళ్ళు పట్టుకుపోయేవారు. అవి ఎక్కడికి పోతాయో, ఎవరింట్లో పరుచుకుంటాయో ఆయనకు తెలియదు. (మా ఇంట్లో పరుచుకున్నది ప్లాస్టిక్ చాప.) అలాంటి మనిషి మేడ బడి ప్రిన్సిపాల్ గది గడపలో అడుగుపెట్టబోయి టక్కున ఆగిపోయాడు. చెప్పులు విప్పి, కిందికి వంగి, నేల మీద పరిచిన జంపఖానా అంచును తిప్పి చూడసాగాడు. ప్రిన్సిపాల్ కుర్చీలోంచి సగం లేచి "ఏం పడిపోయిందండీ?" అన్నాడు. అటెండరు మంచివాడు, ఏం పోయిందో అడక్కుండానే తానూ వంగి సోఫా కింద వెతకడం మొదలుపెట్టాడు. సిగ్గుతో నా తల నేలకు ఆనింది. బాపు మాత్రం లేవడు. కుచ్చుల దగ్గర ముడిని వేలితో నిమురుతూ, "ఇది నా చెయ్యే బిడ్డా! గీ ముడి సూడు, గిట్ల నేనే ఏస్త. కొత్తవాడల ఇంకెవ్వలు ఎయ్యరు" అన్నాడు. ముప్పై ఏళ్ళు నేసినవాడు తన జంపఖానా ఒక గదిలో పరిచి ఉండగా చూడటం అదే మొదటిసారి.

ప్రిన్సిపాల్ తెలివైనవాడు. అటెండర్ని లేపి, టీ తెమ్మని చెప్పి, "అయితే మీరు మా బడికి ఎప్పుడో వచ్చేశారన్నమాట. ఇక అమ్మాయి రావడమే తరువాయి" అన్నాడు. బాపు కుర్చీలో కూర్చున్నాడు గానీ కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక కొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాడు. టీ తాగినంతసేపూ అలాగే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీకు ఏది ఇష్టం బిడ్డా? నువ్వు ఏదంటే గదే" అన్నాడు. నిజంగానే అడిగాడు, అందులో మోసం లేదు. గ్రౌండ్ బడి అని ఉంటే ఒక్క మాట అనకుండా చెప్పులేసుకొని లేచేవాడు. కానీ ఆ మొహం! అంత వెలుగు ఆ మొహంలో నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆ జంపఖానా ఉన్న బడిని వద్దనడానికి నాకు నోరు రాలేదు. "ఇదే బాపూ" అన్నాను.

ఆ బడిలో బస్సులు చూసుకునే సారే పీఈటీ కూడా. వారానికొక ఆటల పీరియడ్, అదీ డాబా మీద. ఈ నీళ్ళ ట్యాంకు నుంచి ఆ నీళ్ళ ట్యాంకుకు ఉరకాలి, నాలుగు అంగలు వేస్తే గోడ వచ్చేది. మూడో వారానికే కింద పదో తరగతి నుంచి ఫిర్యాదు వచ్చింది, కప్పు దడదడలాడుతోందని. సారు పరుగున పైకొచ్చి, చేతులు జోడించినంత పని చేసి, "తల్లీ, జర మెల్లగ ఉరుకు! కింద టెన్తోళ్ళు సదువుకుంటాండ్రు" అన్నాడు. మెల్లగా ఉరకడం ఎలాగో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నేను మాత్రం మునివేళ్ళ మీద, చప్పుడు కాకుండా, పాలగిన్నె దగ్గరికి పోయే పిల్లిలా ఏడాదిపాటు ఉరికాను. తర్వాత నిలబడ్డచోటే ఉరకమన్నారు. ఆ పైన ఆ పీరియడ్ లెక్కల సారు తీసుకున్నాడు. ఇంట్లో అడిగితే "మంచిగనే ఉరికిస్తాండ్రు" అని చెప్పేదాన్ని.

తొమ్మిదో తరగతిలో జిల్లా సెలక్షన్లకు పేరిచ్చాను. బాపు మగ్గం ఆపి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, స్టేడియం కంచె పట్టుకొని నిలబడ్డాడు. పాత పందాల్లో ఎప్పుడూ నా వెనక వచ్చే నెక్కొండ పిల్ల ఒకతి ఉండేది. గ్రౌండ్ బడి హాస్టల్లో చేరిందట. పందెంలో సగం దూరం దాకా దాని జడ కనిపించింది, ఆ తర్వాత అదీ కనిపించలేదు. ఏడుగురిలో నేను ఆరోదాన్ని. (ఏడో పిల్ల దారిలో పడిపోయింది.) గీత దగ్గర విజిల్ సారు నెక్కొండ పిల్ల భుజం తడుతూ నన్ను గుర్తుపట్టాడు. తల పక్కకు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నేను ఏ పందెంలోనూ ఉరకలేదు.

బయట చెరుకురసం బండి దగ్గర బాపు రెండు గ్లాసులు చెప్పాడు. తనది తాగకుండా చాలాసేపు చేతిలో పట్టుకొని, "నిజం చెప్పు బిడ్డా. ఆ దినం గీ బడి నీకు నచ్చి అన్నవా, నా మొకం చూసి అన్నవా?" అని అడిగాడు. నోట్లో ఉన్న రసం మింగి, "నచ్చే అన్న బాపూ. నాకు ఉరుకుడు అప్పుడే యాష్టకొచ్చింది, సదువుకోవాలె అనిపించింది" అన్నాను. బాపు నా మొహం వైపు చూసి, గట్టిగా ఊపిరి వదిలి, ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేశాడు. "గట్లయితే ఫికర్ లేదు" అన్నాడు.

ఆ పన్నెండేళ్ళ పిల్ల ఇప్పుడు ఎదురైతే చెవి మెలిపెట్టి, "మొద్దూ, గ్రౌండ్ బడి అని ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలు రాలుతాయా?" అని అడగాలనిపిస్తుంది. ఆ వెంటనే, ఆ పిల్ల నాకంటే మంచిదేమోననీ అనిపించి నవ్వొస్తుంది. మొన్న కూడా ఇంటికొచ్చిన చుట్టాలకు పతకాలు చూపిస్తూ బాపు చెప్తున్నాడు, "మా బిడ్డ మస్తు ఉరికేది. దానికే ఇష్టం లేక ఇడిచిపెట్టింది. అవునా బిడ్డా?" అని. నేను టీ కప్పులు అందిస్తూ, అవునన్నాను.