పేరెత్తకూడని చేప

ఫిజీలోని మా కడావు దీవిలో నా అంత ఈతగాడు లేడు. ఒకసారి సొరచేపతో పందెం కట్టి గెలిచాను. ఓడిన సిగ్గుతో అది ఇప్పటికీ మా రేవు వైపు రాదు. అయినా ఊళ్ళో చేపల లెక్క నాకు కాకుండా మా విలిమోనె బావకి అప్పగించారు. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టేసినవాడు పది చేపల్ని చూసి వంద అంటాడని వాళ్ళ భయం. తప్పేం లేదు, అనేవాణ్ణే. బావ అలా కాదు. పది కనిపిస్తే, ఒకే చేప రెండుసార్లు ఎదురుపడిందేమోనని తొమ్మిదే చెప్పేవాడు.

బావ మా వైనిలో ఊరికి ఇల్లరికం వచ్చినవాడు. చేపలు తగ్గిపోయి ఊరంతా ఒక మాట మీద పగడపు దిబ్బ దగ్గర వేట మాన్పించిన నాటి నుంచి కాపలా అతనిదే. నెలనెలా నీళ్ళలో తాడు పరిచి, దాని వెంబడి బోర్లా తేలుతూ ఏది ఎంత పెరిగిందో చూసేవాడు. చిలకచేపలు మందలుగా తిరిగొచ్చాయి. కోలుకోనిది మచ్చల చేప ఒక్కటే. ఉన్న కాసినీ జానెడు పిల్లలు, ఇంకా గుడ్డు పెట్టని వయసువి.

దాని అసలు పేరు నేనిక్కడ రాయను. అది మా వంశపు చేప. మేం తినం. మిగతావాళ్ళకి మాత్రం కొబ్బరిపాలలో అది ఉడకందే విందు కాదు. మా ఆడవాళ్ళ ముందు ఆ పేరెత్తడమంటే నడివీధిలో బట్ట విప్పినంత పని.

చర్చి కొత్త పైకప్పుకి విందు చెయ్యాలని సభ పెట్టారు.

"ఏం విలిమోనె, దిబ్బ తెరవొచ్చా?" అని ఊరిపెద్ద అడిగాడు.

బావ లేచాడు. ఎదురుగా చాప మీద మా అమ్మ, అంటే అతని అత్తగారు. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోకూడదు. ఏ మాటైనా అతని భార్య, మా అక్క ఉనాయిసి మొయ్యాల్సిందే.

"అన్నీ బాగానే ఉన్నాయండి. ఒక్కటే... అది ఇంకా చిన్నది."

"ఏది చిన్నది?"

"అదేనండి. మీకు తెలుసుగా."

వెనక నుంచి సెవూలోనీ అందుకున్నాడు. అతనూ విలిమోనెకి బావ వరసే. "చిన్నదైతే చిన్నదే బావా, సభలో చెప్పుకోవాలా? ఉనాయిసి సర్దుకుపోతోందిగా."

సభంతా గొల్లుమంది. అమ్మ తల దించుకుంది. బావ మెడ దాకా కందిపోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసి కూర్చున్నాడు. ఊరిపెద్ద నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "సరే, తెరుద్దాం" అన్నాడు.

తెరిచారు. వల లాగి ఒడ్డున పోస్తే ఆ కాసిని మచ్చల చేపలూ కుప్పలోనే. బావ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క దాన్నీ తిరగేసి చూశాడు. అన్నీ జానెడువే.

"నువ్వన్న చిన్నవి ఇవేనా బావా?" అన్నాడు సెవూలోనీ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బావ విందుకి రాలేదు. తాడు చుట్టి ఇంటి వెనక పడేశాడు. ఎవరైనా ఎదురొస్తే కర్రపెండలం తోటలోకి మళ్ళేవాడు. చివరికి దంచి నీళ్ళలో కలుపుకు తాగే యంగోనా వేరు చేతపట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చాడు, తప్పు ఒప్పుకోడానికి. వేరు అమ్మ ముందు పెట్టి తల వంచాడు. తప్పేంటో నోటితో చెబితే గాని పెద్దలు ఆ వేరు ముట్టరు. ముట్టకపోతే మన్నించనట్టే.

"దేనికిట? అడుగు," అంది అమ్మ, అక్క వైపు చూస్తూ.

అక్క అడిగింది. బావ నుదురు చాపకి ఆనిపోయింది. చాపలోకే ఆ పేరు చెప్పాడు. పూర్తిగా, స్పష్టంగా. అక్క మొహం గోడకి తిప్పేసుకుంది.

అమ్మ వేరు మీద చెయ్యి వేసింది. అక్కతో చెప్పించకుండా, మొదటిసారి అతనితోనే అంది: "ఈ మాట ఆవేళ సభలో అనుంటే నేను చెవులు మూసుకునేదాన్ని అల్లుడూ. అవి బతికేవి."

దిబ్బ మళ్ళీ మూశారు. ఇప్పుడు నెలనెలా సభలో బావ ఒక్కో చేపనీ పేరు పెట్టి చెబుతాడు. చివరి దాని దగ్గరికి రాగానే మా ఆడవాళ్ళు రెండు చేతులతో చెవులు మూసుకుంటారు. బావ కళ్ళు నేలమీద పెట్టి ఆ పేరు చెబుతాడు. ఎన్ని అని ఊరిపెద్ద అడుగుతాడు.

"కనబళ్ళేదండి," అంటాడు.