స్వరూప మూర

భూకంపంలో ఇల్లు కూలినవాళ్ళున్నారు, వరదలో ఇల్లు మునిగినవాళ్ళున్నారు. జంపఖానాలో ఇల్లు మునిగినవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ ఉపద్రవాన్ని నేను కిరాయి ఇంట్లో, స్వహస్తాలతో కూడా కాదు, ఐదేళ్ళ పిల్ల హస్తాలతో తెచ్చిపెట్టుకున్నాను. అదెలాగో చెప్తాను. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఇంట్లో ఎవరూ ఆపుకోలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. హన్మకొండలో రెండు గదుల ఇల్లు. నేను చిన్నపిల్లల బడిలో సారును. మా ఆవిడ అనసూయ రెండో కాన్పుకని తొర్రూరులో తల్లిగారింటికి పోయింది. ఇంట్లో మిగిలింది మా అమ్మ, నేను, మా బిడ్డ స్వరూప. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, స్వరూపకు తల్లి మీద బెంగ. నాకు మాత్రం ఏమీ లేదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. ఒకరోజు అన్నం తింటూ "చారు మస్తుగున్నదమ్మా" అని మెచ్చుకున్నాను.

"చారు ఇంకా పొయ్యలేదు కొడకా" అంది అమ్మ. "నువ్వు కలుపుకున్నయి మంచినీళ్ళు."

స్వరూప బెంగకు నేను కనిపెట్టిన మందు కొలతలు. ఆ మధ్యే టీచర్ల ట్రైనింగులో ఒక పెద్దాయన చెప్పాడు. పసిపిల్లల చేతికి మొదటే స్కేలు ఇవ్వకూడదట. ఇంట్లో పనులు చేసుకుంటూ చెంబులతో, గ్లాసులతో, వాళ్ళ చేతులతో, పాదాలతో కొలవనివ్వాలట. మాట బంగారమే. విన్నవాడే ఇత్తడి.

ఇక మా ఇంట్లో కొలతకు లొంగని వస్తువు లేకుండా పోయింది. బిందెలో ఎన్ని చెంబులు, డబ్బాలో ఎన్ని గ్లాసుల కందిపప్పు, తలుపు ఎన్ని జానలు, వాకిలి ఎన్ని పాదాలు. పిల్ల మొహంలో వెలుగు వచ్చింది. అమ్మ మొహంలో ఉన్నది పోయింది.

"ఏందిరా ఇది? బోరింగు కాడ లైన్ల నిలబడి తెచ్చిన నీళ్ళు వాకిట్ల పారబోస్తాంది నీ బిడ్డ!"

"పారబోస్తలేదమ్మా, కొలుస్తాంది."

"కొలిస్తే నీళ్ళు పెరుగుతయా?"

"తెలివి పెరుగుతది."

"గట్లనా! నిన్ను చిన్నగున్నప్పుడు కొలవనియ్యకపోతి. నాదే తప్పు."

మందు పగలు బాగానే పనిచేసేది. పొద్దుగూకితే మాత్రం బెంగ మళ్ళీ మొదలు. తొర్రూరు పోయి చూసి వద్దామంటే, అంతకుముందు ఆదివారం తిరుగుబస్సులో అది ఏడ్చిన ఏడుపుకు కండక్టరు టికెట్టు కొట్టడం కూడా మరచిపోయాడు. ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని అడిగింది.

"బాపూ, అమ్మ కాడికి ఎన్ని మూరలు?"

"అంత దూరం మూరలతోని కొలవరు బిడ్డా. బస్సుతోని పోవాలె."

"ఎన్ని బస్సులు?"

"ఒకటే."

"ఒక్కటేనా!" దాని కళ్ళు పెద్దవయ్యాయి. "గంతే అయితే మరి ఎందుకు పోతలేం?"

నాక్కూడా అదే ప్రశ్న ఉంది మరి.

తమ్ముడు పుట్టాడన్న కబురు వచ్చాక బెంగ ఇంకో రూపం ఎత్తింది. గదిలో ఉన్నది ఒకటే మంచం. దాని మీద అమ్మా తమ్ముడూ పడుకుంటారని నాయనమ్మ చెప్పింది.

"మరి నేనేడ పండాలె?"

"నా పక్కపొంటి" అంది నాయనమ్మ.

స్వరూప నా వైపు తిరిగింది. "అమ్మ పక్కన నాకు జరంత జాగ సుత ఉండదా బాపూ?"

నాలోని తండ్రి, సారు ఒకేసారి లేచి నిలబడ్డారు. ఇద్దరిలో ఒకడన్నా కూర్చుని ఉంటే ఈ కథ లేదు.

"మంచం తీసేద్దాం. గోడ నుంచి గోడ దాకా జంపఖానా పరుద్దాం. అందరం కిందనే పండుదాం. అమ్మ పక్కన జాగ నీది."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే నేనే కొలుస్త."

కొలిచింది. బోర్లా పడుకుని, మోచేయి గోడకు ఆనించి, నాలుక బయటపెట్టి, వేలి కొసన సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత మీద మళ్ళీ మోచేయి పెట్టి. కాళ్ళు మూరలకు అడ్డం వస్తున్నాయని నాయనమ్మను వాకిట్లోకి పంపింది. పొడవు పదమూడు మూరలు, వెడల్పు తొమ్మిది. సరిచూసుకోలేదా అంటారేమో, చూసుకున్నాను. మళ్ళీ దానిచేతే కొలిపించాను. మళ్ళీ పదమూడే వచ్చింది. రెండుసార్లు ఒకే లెక్క వస్తే అది శాస్త్రమే కదా!

"అనసూయ కుట్టుమిషన్ల టేపున్నది కదరా" అని వాకిట్లోంచి అమ్మ గుర్తుచేసింది.

"టేపు పెడితే ఇగ చదువేడుంటదమ్మా" అన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడు నాకంటే నయం. వాడి కుందేలు కనీసం ఇంట్లో పట్టి ఉంటుంది.

సైకిలెక్కి కొత్తవాడ పోయాను. అక్కడ సాంబయ్య జంపఖానాలు నేస్తాడు.

"మామా, పదమూడు మూరల పొడుగు, తొమ్మిది మూరల ఎడల్పు."

సాంబయ్య మగ్గం ఆపి నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "ఏం సారూ, ఫంక్షనా?"

"ఫంక్షనే అనుకో. నా భార్య వస్తాంది."

"భార్య వస్తేనే గింత పెద్దదా!"

"ఏం, సరిపోదంటవా?"

"సరిపోకపోవుడేంది? భజన మండలి మొత్తం కూసుంటది."

వేళాకోళం అనుకుని నేనూ నవ్వాను. "ఫికరు పెట్టుకోకు మామా, మా బిడ్డ దగ్గరుండి కొలిచింది."

"ఆహా. బిడ్డ సుత పంతులమ్మనా?"

"అయితది మామా" అన్నాను, మీసం సవరించుకుంటూ.

అనసూయ వస్తానన్న రోజుకు ముందురోజు జంపఖానా వచ్చింది. రిక్షాలో అది మాత్రమే వచ్చింది. రిక్షా అతనూ సాంబయ్యా వెనక నుంచి తోసుకుంటూ నడిచి వచ్చారు. గదిలో విప్పడం మొదలుపెట్టాం. గది నిండింది, జంపఖానా మిగిలింది. ఎదుటి గోడ ఎక్కింది. పక్క గోడ ఎక్కింది. ఇవతలి కొస గుమ్మం దాటి వంటగదిలోకి పోయి, కిరసనాయిల్ స్టవ్వును పలకరించి ఆగింది. దుప్పటి ఉన్నంత మేరకే కాళ్ళు చాపుకోవాలన్నారు పెద్దలు. ఇల్లున్నంత మేరకే జంపఖానా చాపుకోవాలని ఒక్క పెద్దా చెప్పలేదు!

"దీన్ని మన ఇంట్ల పరుసుడు కాదురా" అంది అమ్మ, తడిక పట్టుకుని. "మన ఇంటినే దీంట్ల పరుసుకోవాలె."

సాంబయ్య తన చేత్తో కొలిచి చూపించాడు. పదమూడు మూరలు, నికార్సుగా. నేను నా చేత్తో గది కొలిచాను. ఎనిమిది మూరలకే గోడ తగిలింది. అప్పుడు ముగ్గురం ఒకేసారి స్వరూప చేతి వైపు చూశాం. అన్నిటికన్నా చిన్న గాజులు కూడా వదులైపోయే చెయ్యి. అంత చిన్నదని అంతవరకూ నేనెప్పుడూ చూడనే లేదు.

సాంబయ్య నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "కోస్తే పోగులు ఊడుతయి సారూ. వాపస్ తీస్కపోత. ఎవలన్న ఫంక్షనోళ్ళు కొంటరు."

స్వరూప మాత్రం నవ్వలేదు. గోడ ఎక్కిన అంచు మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"నేను తప్పు కొలిచిన్నా బాపూ?"

"లేదు బిడ్డా. నువ్వు మంచిగనే కొలిచినవు."

"మరి మంచం మళ్ళ ఏస్తరా?"

ఆ గొంతు విన్నాక వాపస్ ఇవ్వడం నావల్ల కాలేదు. గోడ పక్కన మడిచైనా పెడదామని అంచు ఎత్తి లోపల దూరాను. అటు చివర లాగితే ఇటు చివర నా మీద పడింది. దారి తప్పాను. నా సొంత ఇంట్లో, పట్టపగలు, దారి తప్పాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలో రిక్షా గంట మోగింది. రేపటికన్నా ఇవాళే మంచిరోజని ఎవరో చెప్పారట, అనసూయ ఒకరోజు ముందే దిగింది.

"మీ బాపేడి?"

"కింద" అంది స్వరూప.

"దేని కింద?"

"జంపఖాన కింద."

నేను తల బయటపెట్టాను. ఇన్నాళ్ళ ఎడబాటు తర్వాత భార్యకు నా మొదటి దర్శనం అలా అయింది. ఎదురుపోయి అందామని దాచుకున్న మాటలన్నీ నోట్లో దూదిపీచుతో కలిసిపోయాయి.

"గిది ఎవలు కొలిచిండ్రు?"

"స్వరూప" అన్నాను నేను. "బాపు కొలవమన్నడు" అంది స్వరూప. న్యాయం పిల్ల పక్షాన ఉంది.

అనసూయ పసివాణ్ణి అమ్మ చేతికిచ్చి, కొంగు దోపి, జంపఖానాను పొడవులో ఒక మడత, వెడల్పులో ఒక మడత వేసింది. గోడ నుంచి గోడకు సరిపోయింది. మడతలు కలిసిన మూల నాలుగు పొరలయి పరుపులా లేచింది. దాన్ని అరచేత్తో నొక్కి చూసింది.

"గీ మెత్తటి జాగ నీది. దాని పక్కపొంటి నేను. సరేనా?"

స్వరూప ఆ మూలన కూర్చుని, తమ్ముడి చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది. "అమ్మా, వీని మూర నా జానంతనే!"

"మీ బాపుకు చెప్పకు" అంది అనసూయ. "వీనితోని కొలిపిస్తే హన్మకొండ మొత్తానికి నేయాల్సి వస్తది."

ఆ రోజు నుంచి మేమంతా ఒకే జంపఖానా మీద పడుకున్నాం. ఎవరి చెయ్యి ఎవరి మీద పడిందో తెలియని నిద్ర. నాకు దొరికింది గుమ్మం దగ్గర ఒంటిపొర. అయినా అంత మెత్తగా నేను తర్వాత ఏ పరుపు మీదా పడుకోలేదు. తర్వాత గదులు పెరిగాయి, మంచాలు పెరిగాయి, ఎవరి జాగ వాళ్ళకు వచ్చింది. స్వరూప చెయ్యి ఇప్పుడు నా చెయ్యి కంటే పొడుగు.

కనుక సాటి తల్లిదండ్రుల సమక్షంలో, త్రికరణశుద్ధిగా, సుద్దముక్క పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఐదేళ్ళ పిల్ల మూరను నమ్మి ఇంకెప్పుడూ మగ్గం గడప తొక్కను. ఈ మాట నిలబెట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు, ఆ మూర ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు. ఒకవేళ దొరికిందంటే మాత్రం క్షమించాలి. ప్రమాణం గట్టున పెట్టి, సైకిలెక్కి నేరుగా కొత్తవాడకే పోతాను.