సుశీలమ్మ చెప్పిన సినిమా

మొన్న మత్తిగిరి బస్సు స్టాపు పక్కన పూలకొట్టు అతను గులాబీ కాడల్ని బకెట్టు నీళ్ళలో ముంచి కొసలు కత్తిరిస్తున్నాడు. ఆ పచ్చి వాసన తగలగానే అక్కడే నిలబడిపోయాను. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. అది పువ్వు వాసన కాదు, తెగిన కాడ వాసన. కొంచెం చేదుగా ఉంటుంది. గులాబీ తోటల్లో పనిచేసిన వాళ్ళకు పువ్వు వాసన కొన్నాళ్ళకే తెలియకుండా పోతుంది. ఈ కాడ వాసన మాత్రం వదలదు. నాకు దాని వెంటే సుశీలమ్మ గొంతు వినిపిస్తుంది.

తొంభైల్లో మా హోసూరు చుట్టుపక్కల ప్లాస్టిక్ కప్పు వేసిన గులాబీ తోటలు వచ్చాయి. పొద్దున్నే కోసిన పూలను షెడ్డులో బల్లల మీద పోస్తే, కాడ పొడవును బట్టి వేరుచేసి, కట్టలు కట్టి, అట్ట చుట్టడం మా ఆడవాళ్ళ పని. మా షెడ్డుకు సుశీలమ్మ సూపర్‌వైజరు. కావేరిపట్టణం నుంచి వచ్చి హోసూరులో ఒంటరిగా ఉండేది. ఆదివారం వస్తే సినిమాకు వెళ్ళాల్సిందే. తమిళనాడు సరిహద్దున ఉన్న మా ఊరి హాళ్ళలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఆడతాయి కాబట్టి ఆమెకు సినిమా లేని ఆదివారం ఉండేది కాదు. మాకు సినిమా సోమవారం. చేతులు కాడల మీద, చెవులు ఆమె మీద. ముళ్ళు గుచ్చుకున్నా ఎవరూ అమ్మా అనేవాళ్ళు కాదు, కథ తప్పిపోతుందని.

ఆమె కథ ఒక్కటే చెప్పి ఊరుకునే మనిషి కాదు. తగువు కూడా పెట్టుకునేది. "హీరో వచ్చేటప్పుడు తెరంతా దుమ్ము లేపినారమ్మా. అంత దుమ్ములో మనిషి ఒక్కసారన్నా దగ్గడా?" అనేది. టీవీ సీరియళ్ళనూ వదిలేది కాదు. "ఆ అత్త పట్టుచీరతోనే పండుకుంటుంది, పట్టుచీరతోనే లేస్తుంది. ఇంక ఆమె ఏడిస్తే నేనెందుకు నమ్మల్ల?" అనేది. కథ అయ్యాక ఒక్కొక్కరినీ అడిగేది. బాగుంది అంటే ఒప్పుకునేది కాదు.

"బాగుందంటే ఎట్లమ్మా? సంగటి బాగుంది, ఎండ బాగుంది, సినిమా కూడా బాగుందా? ఏం బాగుందో చెప్పు."

నేను చాలా రోజులు తల వంచుకుని కట్టలు కట్టేదాన్ని. ఒక సోమవారం ఆమె చెప్పిన సినిమాలో హీరో చెల్లెలు చచ్చిపోతుంది. అప్పుడు హీరోకు కోపం వస్తుంది, కథ నడుస్తుంది. నా వంతు వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదు, నోట్లోంచి మాట వచ్చేసింది. "వాడికి కోపం వచ్చేదానికి ఆ పిల్ల ఎందుకు చచ్చిపోవల్ల? ఆ పొద్దు ఆ పిల్లకు వేరే పనేమన్నా ఉండుంటుంది గదా."

షెడ్డంతా నా వైపు చూసింది. సుశీలమ్మ చేతిలో కట్ట పక్కన పెట్టి, "ఇది మాటంటే," అంది. అప్పటిదాకా నా అభిప్రాయం అడిగి, జవాబు కోసం ఆగిన మనిషి నాకు ఎవరూ తారసపడలేదు.

ఆ ఏడాదే మా ఊరి బడిలో తెలుగు పంతులు సాయంత్రాలు పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ముప్పై ఆరేళ్ళు. వేలిముద్ర తప్ప తెలియదు. వెళ్ళాలని ప్రాణం కొట్టుకునేది. మా ఆయన జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలకు సరుకు ఎత్తే పనిలో ఉండేవాడు. సంగతి చెప్పగానే నవ్వాడు.

"ఈడ బస్సు బోర్డులన్నీ అరవంలో ఉంటే తెలుగు నేర్చుకొని ఏం చదువుతావే?"

"సినిమా పేర్లు చదువుకుంటాను."

"బాగుంది! నువ్వు పలక పట్టుకొని బడికి పోతే జూజువాడిలో డ్రైవర్లంతా నన్ను చూసి నవ్వుతారు. వద్దు."

మర్నాడు బడికి పోతావా అని సుశీలమ్మ అడిగితే, "వద్దులేమ్మా, నవ్వుతారు," అన్నాను.

తరువాతి సోమవారం కొత్త సినిమా చెప్పింది. అందులో ఇడ్లీలు అమ్ముకునే నడివయసు మనిషి రాత్రిబడికి పోతుంది. మొదటిరోజు పుస్తకం తలకిందులుగా పట్టుకుంటుంది. పిల్లలు పడి పడి నవ్వుతారు. అయినా రెండోరోజూ పోతుంది. సుశీలమ్మ ఆ మనిషి నడక, ఆమె ఇడ్లీపాత్ర, పలక మీద ఆమె వేళ్ళు, అన్నీ కళ్ళకు కట్టింది.

నా పక్కన కట్టలు కట్టే రత్నమ్మ ఉండబట్టలేక అడిగింది. "హీరో యాడమ్మా?"

"ఉన్నాడు. యాడో ఫైటింగ్ చేస్తా ఉన్నాడు. వాడు మనకెందుకు?"

ఇంట్లోవాళ్ళు పలక దాచేసే చోట కథ ఆపింది. "ఇప్పుడు ఆమె ఏం చేయల్ల?" అని అందరినీ అడుగుతూ నా దగ్గరకు వచ్చింది.

"పోవల్ల," అన్నాను.

"పలక లేకుండానా?"

"నేల మీద రాస్తుంది. పోవల్ల."

"అట్లనే పోయిందమ్మా," అంది సుశీలమ్మ.

ఆ సాయంత్రం నేనూ పోయాను. మా ఆయన కొన్నాళ్ళు తన అన్నం తానే వడ్డించుకుని తిన్నాడు. బడి కిటికీలోంచి పిల్లలు నిజంగానే నవ్వారు. నవ్విన ప్రతిసారీ ఇడ్లీపాత్ర మనిషిని తలచుకునేదాన్ని. ఆమెకు చేతనైంది నాకు కాదా అనుకునేదాన్ని. అక్షరాలు మెల్లగా దారికి వచ్చాయి. సినిమా హాలు గోడ మీద పోస్టరు చదవడానికి ఎండలో నిలబడి చెమటలు కార్చిన రోజు నాకు ఇంకా గుర్తు.

చాలా ఏళ్ళకు మా ఇంట్లో టీవీ వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమానే వేశారు. ఇడ్లీపాత్ర కనబడగానే పోల్చుకుని, మా ఆయన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టాను. ఆమె పుస్తకం తలకిందులుగా పట్టుకుంది. వెనక వెకిలి సంగీతం. పంతులు నెత్తి కొట్టుకున్నాడు, పిల్లలు నవ్వారు, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తింది. అంతే. చివరిదాకా చూశాను. ఆమె మళ్ళీ రాలేదు. ఆ సినిమాలో ఆమె నవ్వులాటకు పెట్టిన మనిషి.

ఆ చోట మా ఆయన కూడా గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే నా ముఖం చూశాడు. నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్ళి టీవీ శబ్దం తగ్గించాడు.

మర్నాడు సుశీలమ్మ ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆమె తోట పని మానేసింది. "ఎందుకమ్మా అబద్ధం చెప్పినావు?" అని అడిగాను.

"హాలంతా నవ్విందమ్మా. నాకు కోపం వచ్చింది. ఆమె మర్నాడు మళ్ళా పొయ్యుంటుంది గదా? కెమెరా హీరో వెనక పోయింది. నేను ఆమె వెనక పోయినాను, అంతే."

"లేనిది ఉన్నట్లు చెప్పినావు గదా."

"నువ్వు చదువుతావా, చదవవా?"

"చదువుతాను."

"మరి యాడుంది అబద్ధం?" అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

సుశీలమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నేను పత్రికలో సినిమా సమీక్షలు చదువుతాను, వాటితో తగువు కూడా పెట్టుకుంటాను. హీరో ఎవరన్నది నాకు పట్టదు. హాల్లో అందరూ ఎవరిని చూసి నవ్వుతారో నా కళ్ళు ఆ మనిషి మీదే ఉంటాయి. వంటమనిషి కావచ్చు, నత్తివాడు కావచ్చు, లావుపాటి అత్త కావచ్చు. వాళ్ళు తెర అంచు దాటి వెళ్ళిపోతారు. సినిమా హీరో వెనక వెళుతుంది. నేను వాళ్ళ వెనకే ఇంటిదాకా వెళ్ళి వస్తాను.