మూతపడని కన్ను, ఆగని లెక్క

"ఏందయ్యా, నిద్ర పోతలేవా? ఒక్క కన్నుతోని నన్నే సూస్తున్నవు" అంటూ నా భార్య రాజవ్వ నన్ను తట్టి లేపింది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాను, మంచి నిద్రలోనే ఉన్నాను. ఆ మాటే చెప్పాను. ఆమె నమ్మలేదు. అద్దం తెచ్చి చేతిలో పెట్టి రెండు కళ్లూ మూసుకోమంది. మూసుకున్నాను. అద్దంలో నా ముఖం నాకు కనబడింది. కళ్లు మూసుకున్న మనిషికి తన ముఖం ఎట్లా కనబడుతుందో నాకు కాసేపు అంతుపట్టలేదు.

మాది కోటగిరి దగ్గరి పల్లె. నేను బడికి పోలేదు. మా బాపు చెరుకు బండి పక్కన నడుస్తూ ఎక్కాలు చెప్పేవాడు, నేను ఆయన వెనక నడుస్తూ పైకి అనేవాణ్ణి. అట్లా నేర్చిన లెక్కే నాకు తిండి పెట్టింది. చక్కెర ఫ్యాక్టరీ కాంటా మీద బండి నిలబడగానే, బండి బరువు పోను చెరుకు ఎంతో నేను చెప్పేవాణ్ణి. నలభై సేర్ల మణుగులు పోయి క్వింటాళ్లు వచ్చిన కొత్తలో నన్ను వెంట తీసుకుపోని రైతు మా వైపు లేడు.

నా చెంప కాలింది కూడా లెక్క దగ్గరే. బెల్లం వండే కడాయి మీదికి వంగి, పాకం చూసి ఎంత బెల్లం దిగుతుందో అంచనా వేస్తుంటే, తిప్పేవాడి చేతిలో గరిటె జారింది. పాకం ఎగిరి ఎడమ చెంప మీద పడింది. నీళ్లయితే జారిపోయేవి, పాకం అతుక్కుపోయింది. కన్ను గట్టిగా మూసుకోవడం వల్ల గుడ్డుకు ఏమీ కాలేదు. బోధన్ దవాఖానలో చాలా రోజులున్నాను. పుండు మానింది, ఇంటికి వచ్చాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

అద్దం చూసిన తర్వాత నిజామాబాద్ పోయాం. అక్కడి డాక్టర్ చెంప నొక్కి చూశాడు. "తోలు మానింది గాని బిగుసుకపోయింది. దీన్ని కాంట్రాక్చర్ అంటరు. ఆ తోలు కంటి కింది రెప్పను కిందికి గుంజుతున్నది. కన్ను మూతపడకుంటే నల్లగుడ్డు మీది పొర, కార్నియా, ఎండిపోతది, పుండు పడుతది. ఆలస్యం చేస్తే చూపు పోతది" అన్నాడు. కాలింది చెంప. పోయేది కన్ను. రైలెక్కి హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోయేదాకా ఇదే నా తలలో తిరిగింది.

అక్కడి సర్జన్ నిదానంగా చెప్పే మనిషి. బిగిసిన మచ్చను కోసి వదులు చేస్తాడట, ఆ ఖాళీలో చెవి వెనక నుంచి తీసిన తోలు కుడతాడట. దాన్ని గ్రాఫ్ట్ అంటారు. "కుట్టుడు పెద్ద పని కాదు. కదలకుండా పట్టి ఉంచుడే పని. కింది నుంచి సన్నని రక్తనాళాలు దాంట్లకు పాకాలె. కొంచెం జారినా తెగిపోతయి" అన్నాడు. కుట్ల దారాల కొసలు పొడుగ్గా వదిలి, పసుపుపచ్చ మందులో తడిపిన దూది ఉండను గ్రాఫ్ట్ మీద పెట్టి, ఆ కొసలను దాని మీదుగా ఎదురెదురుగా లాగి ముడి వేశారు. టై-ఓవర్ అన్నారు. బండి నిండా చెరుకు పేర్చి మోకు బిగించినట్టే ఉంది. కన్ను మూసే ఉండాలని రెండు రెప్పలను కలిపి కూడా కుట్టారు.

"మాట్లాడొద్దు, నమలొద్దు, నవ్వొద్దు. నేను కట్టు ఇప్పేదాక నీ ముఖం నీది కాదు, నాది" అన్నాడు.

నేను మాట్లాడలేదు. గొట్టంతో పాలు, గంజి తాగాను. వెల్లకిలా పడుకున్నాను.

కట్టు విప్పిన రోజు డాక్టర్ ముఖం చూసి నాకు భయమేసింది. గ్రాఫ్ట్ నల్లబడిందట. "కింద రక్తం చేరింది, హెమటోమా. కదిలినట్టుంది. మాట్లాడినవా?"

లేదని చెయ్యి ఊపాను.

"నమిలినవా? ఆ పక్కకు పండుకున్నవా?"

రాజవ్వ అడ్డం వచ్చింది. "ఒట్టు సాబ్, గీ మనిషి ఉలకలే పలకలే. ఇంట్ల గూడ గిట్లనే ఉంటే నా బతుకు మంచిగుండు."

డాక్టర్ నవ్వలేదు. "పుండు శుభ్రమైనంక ఇంకోసారి చేస్త. ఈసారి మెడ కింది తోలు తీస్త. రెప్పలు కుట్టేటప్పుడే చూసిన, కార్నియా మీద మచ్చ మొదలైంది. ఇది గూడ పట్టకపోతే కంటి సంగతి నేను చెప్పలేను" అన్నాడు.

చెప్పినవన్నీ చేశాను, ఫలితం మాత్రం తప్పు వచ్చింది. ఎక్కడ తప్పానో వెతికాను. తల కింద మెత్త ఎత్తు సరిపోలేదా? దగ్గు వచ్చిందా? నా తోలు మంచిది కాదా? పక్క మంచం ఆయన దిష్టి అన్నాడు, నర్సు నా రాత అంది. రెండూ నాకు అర్థం కాలేదు.

ఆ ఎదురుచూపులో మా బావమరిది గంగారాం చూడటానికి వచ్చాడు. రాజవ్వ నాకు గంజి తాగిస్తోంది. నేను రెండోసారికి అలవాటు కావాలని నోరు మూసుకునే ఉంటున్నాను.

"బావా, నువ్వు లేక కాంటా కాడ ఆగమైతున్నం. మొన్న మన బండి పాత లెక్కల ఇరవై మణుగులు ఉంటదనుకున్న. వాళ్లేదో క్వింటాలంటరు, కిలోలంటరు, నాకైతే సమజ్ కాలే" అన్నాడు.

రాజవ్వ చేతిలో గొట్టం ఆగిపోయింది. "తమ్ముడా, మల్ల చెప్పు. ఎన్ని మణుగులు?"

"ఇరవై."

"సూడురా, సూడు! మీ బావ బుగ్గ ఎట్ల ఎగురుతున్నదో!"

"నేనేం మాట్లాడలే" అన్నాను, నోరు తెరిచి.

"మాట్లాడలే, గొణుగుతున్నవు. పెదాలు మూసుకొనే లోపట్లోపట గొణుగుతున్నవు!"

పొద్దున డాక్టర్ రాగానే చెప్పేసింది. ఆయన నా కుడి చెంప మీద వేలు పెట్టి, "ఇరవై మణుగులు ఎన్ని క్వింటాళ్లు?" అని అడిగాడు. నేను రాయిలా ఉన్నాననే అనుకున్నాను. కాసేపటికి "ఇప్పుడు చెప్పు" అన్నాడు.

"ఏడున్నరకు కొంచెం తక్కువ, సాబ్."

"నాకు తెల్సు. నా వేలు కిందనే చేసినవు గదా లెక్క!" అని మొదటిసారి నవ్వాడు. తర్వాత, "ఇదే కారణమని నేను చెప్పలేను. రక్తం దానంతటదే గూడ చేరుతది. కాని ఇది ఆపాలె" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి కంటికి కట్టుతో పడుకుని, ఏమీ తోచక, ఊళ్లో ప్రతి రైతు బండినీ మణుగుల నుంచి క్వింటాళ్లలోకి మారుస్తూనే ఉన్నాను. అది మాట్లాడటమని నాకు తెలియదు. మనసులో లెక్క మనసులోనే ఉంటుందనుకున్నాను.

ఆపడం ఎట్లా? లెక్క పెట్టొద్దనుకుంటే, పెట్టకుండా ఎంతసేపు ఉన్నానో లెక్కపెట్టేవాణ్ణి. రాజవ్వ నా చెయ్యి పట్టుకుని బొటనవేలిని వేళ్ల కణుపుల మీద జరిపింది. "గిట్ల పెట్టు. మేం చెరుకు మోపులు మోసేటప్పుడు ఎవల మోపులు వాళ్లం గిట్లనే లెక్కపెట్టుకుంటం. నెత్తి మీద మోపుంటే నోరేడ ఆడుతది?" అంది. ఆపరేషన్ దాకా రోజూ అదే పని. ఆమె అరచెయ్యి నా కుడి చెంప మీద ఉంచి ఏదో బరువు చెప్పేది. చెంప కదిలితే ముంజేతి మీద ఒకటి వేసేది. ఎన్ని దెబ్బలో అడగకండి.

రెండోసారి కుట్టి, దారాలు బిగించారు. ఆమె మంచం పక్కన కూర్చుని నా ముఖమే చూస్తూ ఉండిపోయింది. నేను కణుపుల మీద లెక్కలు చేశాను. అన్నీ తప్పాయి. ఒకే బండి రెండుసార్లు తూస్తే రెండు బరువులు వచ్చేవి. నాకు తెలిసింది లెక్క ఒక్కటే, అదీ పోయిందేమోనని దిగులు పడ్డాను. కన్ను పోతుందా, లెక్క పోతుందా, రెండూనా అన్నది తెలియలేదు.

డాక్టర్ దారాలు కత్తిరించాడు. దూది తీశాడు. వేలితో మెల్లగా నొక్కి వదిలాడు, మళ్లీ నొక్కాడు. నేను ఊపిరి కూడా బిగబట్టాను.

"గులాబి రంగు. పట్టింది" అన్నాడు.

రాజవ్వ ముక్కు చీదుకుంటూ, "ఇగ మాట్లాడయ్యా. ఎన్ని క్వింటాళ్లయినయో చెప్పు" అంది. నాకు ఒక్క అంకె గుర్తు రాలేదు.

తర్వాత కొన్నాళ్లకు రెప్పల కుట్టు విప్పారు. ఇప్పటికి చాలా ఏళ్లయింది. అతికిన తోలు రంగు వేరేగానే ఉంది, అక్కడ గడ్డం రాదు, ఎండలో దురద పెడుతుంది. ఎడమ కంటికి కాస్త మసక మిగిలింది గానీ చూపు ఉంది, రెప్ప మూతపడుతుంది. కాంటా దగ్గర మళ్లీ నోటితోనే లెక్క చేస్తున్నాను. మొదటి గ్రాఫ్ట్ నా గొణుగుడు వల్లే పోయిందో, దానంతటదే పోయిందో నాకు ఇప్పటికీ తేలలేదు. మనసు ఒకసారి అటు, ఒకసారి ఇటు మొగ్గుతుంది.

ముఖానికి గ్రాఫ్ట్ వేయించుకునే వారికి ఒక్కటే చెబుతాను. కదలొద్దని డాక్టర్ అంటే, నేను కదలడం లేదని మీకు మీరే సాక్ష్యం చెప్పుకోకండి. ఆపరేషన్‌కు ముందే మీ ఇంటివాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, మీరు ఊరికే ఆలోచిస్తూ ఉన్నప్పుడు మీ ముఖం చూడమనండి. ఏది ఆడుతుందో వాళ్లకే కనబడుతుంది.

రాజవ్వ ఇప్పటికీ మధ్యాహ్నం నేను నడుం వాల్చితే వంగి చూస్తుంది. "మూసుకున్నది, పండుకో" అంటుంది. దానికే మెలకువ వస్తుంది నాకు.